జమ అంటే ఏమిటో నేను చెప్పనేలేదు

మార్చి చివర్లో ఒక శనివారం కాలేజీ స్టాఫ్ రూములో నాకిచ్చిన అర ఖాళీ చేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. ఎనిమిది నెలల కొలువు అది. తుమకూరు రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, వారానికి ఐదు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా బీకాం మొదటి సంవత్సరం పిల్లలకు రెమెడియల్ క్లాసు చెప్పడం. అక్కడ ముగించుకుని, ఆటో దొరికితే ఆటోలో, లేకపోతే నడిచి, తొమ్మిదీ నలభైకల్లా మా బడిలో ప్రార్థనకు నిలబడేదాన్ని. వచ్చే ఏడాది ఆ క్లాసు ఉండదట. దాని బదులు వీడియో పాఠాలు కొంటున్నారని చెప్పారు. ఆ పని పోయిందని బాధపడుతూ రాస్తున్నది కాదు ఇది. నాకు నా బడి ఉంది. కానీ ఆ ఎనిమిది నెలల్లో కాలేజీ పిల్లల గురించి తెలిసినదానికన్నా మన తెలుగు మీడియం హైస్కూళ్ల గురించి, అందులోనూ నా సొంత పాఠం గురించి, నాకు తెలిసింది ఎక్కువ. తోటి టీచర్లతో చెప్పుకోవాల్సిన విషయమని అనిపించింది.

పీణ్యలో ఇంతమంది తెలుగువాళ్లు ఎందుకున్నారో ఈ పేజీ చదివేవాళ్లకు వివరించనక్కర్లేదు. 1970లలో ఇక్కడ పారిశ్రామిక వాడ మొదలైనప్పటి నుంచి అనంతపురం, హిందూపురం, మడకశిర, కర్నూలు వైపు నుంచి, పేరుకు కర్ణాటకలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే పావగడ నుంచి జనం వస్తూనే ఉన్నారు. లేత్ మిషన్లు, ప్లేటింగ్, పౌడర్ కోటింగ్, గార్మెంట్స్. ఆ ఇళ్ల పిల్లల్లో కొందరు మన బడుల్లో చదువుతారు, ఎక్కువమంది వీధి చివరి ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో చదువుతారు. పీయూసీకి వచ్చేసరికి అందరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. డిగ్రీలో చేరాక అందులో కొందరి పేర్లు ఒక జాబితాలోకి ఎక్కుతాయి. ఆ జాబితానే నాకు ఇచ్చారు. ఇరవై ఆరు పేర్లు. పైన "ఇంగ్లీషులో వీక్" అని రాసి ఉంది.

నన్ను పెట్టుకున్నదీ అందుకే. తెలుగు వచ్చు, కన్నడం వచ్చు, ఇంగ్లీషు బేసిక్స్ చెప్పగలరు అని. మొదట ఆ క్లాసు మధ్యాహ్నం మూడున్నరకు పెట్టారు. మొదటి వారం పదకొండు మంది కంటే రాలేదు. ఎందుకు రావడం లేదని కనుక్కుంటే, రెండు గంటల షిఫ్టుకు వెళ్లేవాళ్లే ఆ జాబితాలో సగం మంది. రాత్రి పదికి షిఫ్టు దిగి, పొద్దున కాలేజీకి వచ్చి, మధ్యాహ్నం మళ్లీ పనికి వెళ్లే పిల్లాడికి మూడున్నరకు ప్రత్యేక తరగతి పెట్టడమంటే, జ్వరం వచ్చినవాడిని ఆస్పత్రి మూసేశాక రమ్మనడమే. అడగ్గా అడగ్గా పొద్దున ఎనిమిదికి మార్చారు. ఆ మాటకు కాలేజీ వాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి.

మొదటి రోజు వాళ్ల అకౌంటెన్సీ పుస్తకంలోంచి ఎనిమిది లైన్ల పేరా ఒకటి చదవమన్నాను. తడుముకుంటూనే అయినా దాదాపు అందరూ చదివారు. అందులో ఏముందో చెప్పమంటే ఎవరూ నోరు విప్పలేదు. ఊహించిందే. మరుసటి రోజు అదే పేరాను తెలుగులోకి, కన్నడంలోకి నేనే మార్చి, చేత్తో రాసి, జిరాక్సు తీయించి తీసుకెళ్లాను. ఎవరికి ఏది వస్తే అది తీసుకోండి అన్నాను. ఇంగ్లీషు అడ్డు తొలగిస్తే అర్థం బయటికి వస్తుందని నా నమ్మకం. వచ్చింది ఏడెనిమిది మందికే. మిగిలినవాళ్లు తెలుగులోనూ అలాగే చదివారు. అక్షరాలన్నీ సరిగ్గా పలికారు, చివర ఊపిరి పీల్చుకున్నారు, ఏముందంటే మళ్లీ నిశ్శబ్దం. కొందరు ఏ కాగితమూ తీసుకోలేదు. వాళ్లు మొదటి నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవడం రాదు. కన్నడం పరీక్ష కోసం నేర్చుకున్నంతే వచ్చు. ఇంగ్లీషులో చదివింది అర్థం కాదు. పద్దెనిమిదేళ్ల వయసు, మూడు భాషలు, చదివి అర్థం చేసుకోవడానికి ఒక్కటీ లేదు.

ఇరవై ఆరు మందిలో పదమూడు మంది ఇంగ్లీషు మీడియం వాళ్లే. ఈ మాట ముందుగానే గట్టిగా చెప్పాలి. ఎందుకంటే నేను రాయబోయేదాన్ని పట్టుకుని "చూశారా, తెలుగు మీడియం చదివితే ఇంతే" అనేవాళ్లు ఉంటారు. ప్రాథమిక బడుల్లో మాతృభాషే మాధ్యమంగా ఉండాలని ప్రభుత్వం బలవంతం చేయడానికి వీల్లేదని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులోనే తేల్చింది. ఇక ఎంపిక తల్లిదండ్రులది. వాళ్లు ఎటు నడిచారో మన ఒకటో తరగతి హాజరు పట్టీలు చెబుతాయి. అటు నడిచినవాళ్ల పిల్లలూ అదే జాబితాలో, అదే గదిలో, నా ముందు కూర్చున్నారు. ఈ సంగతి పీణ్యకే పరిమితం కాదు. 2023లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల మీద అసర్ సర్వే చేశారు. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు తిరిగితే, నలుగురిలో ఒకరికి తమ ప్రాంత భాషలో రెండో తరగతి పాఠం ధారాళంగా చదవడం రాలేదు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం సగం మందికి పైగా చేయలేకపోయారు. కాబట్టి "ఇంగ్లీషులో వీక్" అనేది జబ్బు పేరు కాదు, జ్వరం ఉందని చెప్పడం మాత్రమే.

అసలు సంగతికి వస్తాను. మూడో రోజు క్లాసు అయిపోయాక వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. కాలేజీలో అందరూ నన్ను "మ్యామ్" అంటారు. వీడు "మిస్" అన్నాడు. "మిస్, గుర్తు పట్టల్యా?"

మూడేళ్లలో మీసాలొచ్చి, భుజాలు వెడల్పై, నిజంగానే పోల్చుకోలేకపోయాను. మా బడి పిల్లాడే. వాళ్ల నాన్న మడకశిర నుంచి వచ్చి రెండో స్టేజీలో ఒక చిన్న వర్క్‌షాపులో టర్నర్‌గా చేస్తాడు. వీడు ఎనిమిది నుంచి పది దాకా నా దగ్గరే చదివాడు. పదో తరగతిలో నేను చెప్పే సమాజ శాస్త్రంలో నూటికి ఎనభై పైన తెచ్చుకున్నాడు. ఆ ఏడు బడి నోటీసు బోర్డు మీద వీడి ఫొటో పెట్టాం. అలాంటివాడు నా రెమెడియల్ జాబితాలో పద్దెనిమిదో పేరు. జాబితాలో ఇంగ్లీషులో ఇంటిపేరు ముందూ వెనకా అయ్యేసరికి నేను గమనించనే లేదు.

కర్ణాటక సమాజ శాస్త్రంలో చరిత్ర, భూగోళంతో పాటు ఆర్థిక శాస్త్రం, వ్యవహార అధ్యయనం కూడా ఉంటాయని మీకు తెలుసు. పదో తరగతిలో బ్యాంకు వ్యవహారాల పాఠం ఉంటుంది. అది నేనే చెప్పాను. ఖాతాలు ఎన్ని రకాలు, బ్యాంకు చేసే పనులేవి, ఖాతా తెరవడానికి ఏమేం కావాలి. వీడు ఆ ప్రశ్నలన్నీ రాశాడు, మార్కులన్నీ తెచ్చుకున్నాడు. అక్టోబరులో ఒక పొద్దున డెబిట్, క్రెడిట్ చెబుతున్నాను. వచ్చే నగదుకు డెబిట్, పోయే నగదుకు క్రెడిట్ అని వాళ్ల లెక్చరర్ చెప్పినదాన్నే మళ్లీ చెబుతుంటే వీడు చెయ్యెత్తాడు.

"మిస్, నాకు జీతం పడితే బ్యాంకు మెసేజీలో క్రెడిట్ అయిందని వస్తాది. క్రెడిట్ అంటే జమ. జమ అంటే వచ్చినట్టు కదా? మీరేమి పోయేది క్రెడిట్ అంటాండారు?"

గది అంతా తలెత్తింది. అందరి ఫోన్లలోనూ ఆ మెసేజీ వస్తుంది. అందరికీ ఆ సందేహం ఉంది. పీయూసీ రెండేళ్లు, డిగ్రీలో రెండు నెలలు ఎవరూ అడగలేదు. సూత్రం బట్టీ పట్టి లెక్క చేశారు, తిరగేసి రాసినప్పుడు తప్పారు.

ఆ రోజు పాఠం పక్కన పెట్టి కిరాణా కొట్టు ఖాతా గురించి మాట్లాడుకున్నాం. వీధిలో శెట్టి కొట్టు ఉంది. మీ అమ్మ అయిదు వందల సరుకు అరువు తెచ్చింది. శెట్టి పుస్తకంలో మీ అమ్మ పేరున ఏం రాస్తాడు? బాకీ అని రాస్తాడు. మీ ఇంట్లో క్యాలెండరు మీద మీ అమ్మ ఏం రాస్తుంది? శెట్టికి ఇవ్వాలి అని. డబ్బు ఒకటే, పుస్తకాలు రెండు. మెసేజీ పంపింది ఎవరు? బ్యాంకు. అది ఎవరి పుస్తకంలోని మాట? బ్యాంకు పుస్తకంలోనిది. నీ జీతం బ్యాంకులో పడిందంటే ఆ మేరకు బ్యాంకు నీకు బాకీ. అందుకని తన పుస్తకంలో నీ పేరున జమ రాసుకుంది. అదే నీ పుస్తకం నువ్వే రాసుకుంటే, బ్యాంకు నీకు ఇవ్వాలి కాబట్టి బ్యాంకు పేరున డెబిట్ రాస్తావు. ఇచ్చినవాడి పేరున జమ, పుచ్చుకున్నవాడి పేరున ఖర్చు. ఇది కొత్త విద్య ఏమీ కాదు. జమ, ఖర్చు అనే మాటలు కన్నడంలోనూ ఉన్నాయి, మార్వాడీ కొట్లలోనూ ఉన్నాయి. కన్నడ మీడియం నుంచి వచ్చిన హావేరి అమ్మాయి ఒకతె "జమా ఖర్చు పుస్తక నమ్మ అజ్జన హత్ర ఇత్తు" అంది. వాళ్ల తాత దగ్గర అలాంటి పుస్తకం ఉండేదట.

వీడి ప్రశ్న తప్పు కాదు, చాలా మంచి ప్రశ్న. తెలుగు తెలిసినందువల్లే, జమ అనే మాటకు ఇంట్లో ఒక అర్థం ఉన్నందువల్లే వాడికి ఆ ప్రశ్న పుట్టింది. ఇంగ్లీషు మీడియం పదమూడు మందికి ఆ మెసేజీ వస్తుంది గానీ ఆ ప్రశ్న పుట్టలేదు. ఇంతవరకు నాకు గర్వంగానే ఉంది. క్లాసు అయ్యాక వాడన్న మాటే గొంతులో అడ్డం పడింది. "ఇది మీరు టెంతులోనే చెప్పింటే బాగుండు మిస్. బ్యాంకు పాఠం చెప్పినారు కదా."

చెప్పాను. ఖాతాలు నాలుగు రకాలని చెప్పాను. అవి వరుసగా రాయమన్నాను. జమ అంటే ఏమిటో చెప్పనేలేదు, ఎందుకంటే అది ప్రశ్నపత్రంలో రాదు. మన బడుల్లో ఫలితం తగ్గితే మొదట అడిగేది "తెలుగు మీడియం ఎందుకు నడపాలి?" అని. ఆ భయంతో నేను పదిహేనేళ్లుగా ఒక నోట్సు తయారు చేసుకున్నాను. పాఠానికి ఇన్ని ప్రశ్నలు, ప్రశ్నకు ఇన్ని పాయింట్లు. పిల్లలు పాఠ్యపుస్తకం తెరవనక్కర్లేదు. తెరిచినా ఆ అనువాదపు తెలుగు ఇంట్లో ఎవరూ మాట్లాడరు, కిరణజన్య సంయోగక్రియ అని ఎనిమిదిసార్లు రాసిన పిల్లకు ఆకు వైపు చూడాలని తోచదు. నోట్సు ఉంటే నూటికి నూరు పాస్. ఫలితం వచ్చిన రోజు మిఠాయి. కానీ మూడేళ్ల పాటు నా దగ్గర చదివిన పిల్లాడు ఒక పేజీ తనంతట తాను చదివి అర్థం చేసుకునే అవసరం ఒక్కసారి కూడా రాలేదు. పీయూసీలో నోట్సు లేదు, భాష మారింది, చదవడం అలవాటు లేదు. మూడూ ఒకేసారి మీద పడ్డాయి. పైకి కనిపించింది భాష ఒక్కటే.

ఆ ఎనిమిది నెలల్లో ఏం పని చేసిందో కూడా కొంచెం చెప్పాలి, రేపు ఎవరైనా ఇలాంటి క్లాసు తీసుకుంటే పనికొస్తుంది. ఇంగ్లీషు వాక్యం దగ్గర మన పిల్లలు ఎక్కడ జారుతున్నారో చూశాను. తెలుగులో, కన్నడంలో క్రియ చివరికి వస్తుంది. వాక్యం పూర్తయ్యేదాకా ఆగితే ఏం జరిగిందో తెలుస్తుందని మన చెవికి అలవాటు. ఇంగ్లీషులో క్రియ మధ్యలోనే వచ్చి వెళ్లిపోతుంది. పైగా మనం పేరుకు ముందు చెప్పే విశేషణాన్ని వాళ్లు పేరు తర్వాత చెబుతారు. "ఏప్రిల్‌లో ఫర్ము కొన్న యంత్రాన్ని మార్చిలో అమ్మేశారు" అని మనం అంటాం. ఇంగ్లీషులో "ది మెషీన్ విచ్ వాజ్ బాట్ బై ది ఫర్మ్ ఇన్ ఏప్రిల్ వాజ్ సోల్డ్ ఇన్ మార్చ్" అని ఉంటుంది. నా క్లాసులో సగం మంది దీన్ని మార్చిలో కొన్నట్టు తీసుకున్నారు. లెక్క తప్పింది తరుగుదల రాక కాదు, కొన్నదీ అమ్మినదీ ఎప్పుడో తేలక. అప్పటి నుంచి ఏ వాక్యమైనా ముందు "ప్రధాన క్రియ ఎక్కడుంది? దాని కింద గీత గీయండి" అనేదాన్ని. నెల రోజులు ఇదే పని. వ్యాకరణం పేరెత్తలేదు. డిసెంబరుకల్లా గీత గీయకుండానే చూపించగలిగారు. కన్నడం వాళ్లకూ ఇదే మందు పని చేసింది, రెండు భాషల ఎముకలు ఒకటే కనుక.

తరుగుదల లెక్క మాత్రం నేను నేర్పలేదు, వాళ్లే నాకు నేర్పారు. అయిదు లక్షల లేత్ మిషను, పదేళ్ల ఆయుష్షు, చివరికి తుక్కు కింద యాభై వేలు వస్తుంది. ఏడాదికి నలభై అయిదు వేలు తరుగు. ఇది పుస్తకంలోని మొదటి పద్ధతి. రెండో పద్ధతిలో మిగిలిన విలువ మీద పది శాతం. మొదటి ఏడు యాభై వేలు, రెండో ఏడు నలభై అయిదు వేలు, మూడో ఏడు నలభై వేల అయిదు వందలు. రెండు పద్ధతులెందుకు అని అడిగితే పుస్తకంలో పాయింట్లు ఉన్నాయి. మా మడకశిర వాడు "కొత్త మిషను మొదటి రెండేండ్లల్లోనే ఎక్కువ రేటు పోతాది మిస్, తర్వాత పెద్దగా పోదు. మా ఓనరు సెకెండ్ హ్యాండు కొనేది అందుకే" అన్నాడు. పీణ్యలో పుట్టి పెరిగిన పిల్లలకు యంత్రం విలువ పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. వాళ్లకు తెలిసినదానికీ పుస్తకంలో ఉన్నదానికీ మధ్య తలుపు మూసి ఉంది, అంతే. ఆ తలుపు తెరవడానికి తెలుగు, కన్నడం కావాలి. రెమెడియల్ క్లాసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదని చాలా చోట్ల నియమం పెడతారు. నాకూ మొదట చెప్పారు. రెండో వారం నుంచి నేను పాటించలేదు, వాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

తప్పుల గురించి ఇంకో మాట. జీఎస్టీ 18 శాతంతో కలిపి వస్తువు ధర 1,180 రూపాయలైతే అసలు ధర ఎంత అని ఇచ్చాను. ఒకరిద్దరు తప్ప అందరూ 967 రూపాయల 60 పైసలు అన్నారు. 1,180లో పద్దెనిమిది శాతం తీసేశారు. అది సోమరితనం కాదు, కలిపినదాన్ని తీసేస్తే మొదటిది వస్తుందనే మామూలు ఇంగితం. పన్ను వెయ్యి మీద వేశారు, మీరు తీసింది 1,180 మీద అని చెబితే ఒక్క నిమిషంలో తేలిపోయింది. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం ఆ ఊళ్లో హైస్కూలు పాసైన ప్రతివాడికీ సీటిస్తానని తలుపులు తీసింది. అప్పుడు వచ్చిన పేద పిల్లలకు రాయడం నేర్పిన మినా షానెస్సీ అనే అధ్యాపకురాలు వాళ్ల వ్యాసాలు వేలకొద్దీ ముందేసుకుని కూర్చుంది. తప్పులు గాలికి పుట్టవు, ప్రతి తప్పుకూ లోపల ఒక లెక్క ఉంటుంది అని 1977లో పుస్తకం రాసింది. అదే విశ్వవిద్యాలయం 1990ల చివర్లో తన నాలుగేళ్ల కాలేజీల నుంచి రెమెడియల్ క్లాసులను ఎత్తేయడానికి తీర్మానించింది. అంత పెద్ద చోటే అలా జరిగింది, తుమకూరు రోడ్డు మీద వీడియోలు రావడంలో వింతేముంది!

మార్చిలో లెక్క చూశారు. ఇరవై ఆరు మందిలో మొదటి సెమిస్టరు పేపర్లన్నీ పాసైనవాళ్లు తొమ్మిది మంది. "ముప్పై అయిదు శాతం కూడా లేదు కదా మేడమ్" అన్నారు పెద్దాయన, మర్యాదగానే. 2025 దాకా ఎస్సెస్సెల్సీలో పాస్ మార్కు కూడా ముప్పై అయిదే ఉండేది. నా క్లాసు ఫెయిలయింది. నేను వాదించలేదు. నిజమే, అయిదుగురిని నేను నిలబెట్టుకోలేకపోయాను. దీపావళి తర్వాత వాళ్లు క్లాసుకే రాలేదు. ఇద్దరికి అక్షరం దగ్గర నుంచి మొదలుపెట్టాలి, దానికి ఆ గంట చాలదు. కానీ ఫిబ్రవరిలో ఒకమ్మాయి, ఇంగ్లీషు మీడియం అమ్మాయి, ఇంట్లో తెలుగే, నా దగ్గరికొచ్చి "మ్యామ్, తెలుగు అక్షరాలు నేర్పిస్తారా, అమ్మమ్మ చీటీ చదవాలి" అని అడిగింది. అది ఏ లెక్కలోనూ పడలేదు. పడకూడదు కూడా, బీకాం పరీక్షకు దానితో పని లేదు.

సరే, ఇప్పుడేం చేయాలి? రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలంటుంది. మన సంఘాల వినతిపత్రాలన్నీ దాంతోనే మొదలవుతాయి. ఆ హామీ ప్రాథమిక దశతో ఆగిపోతుంది. రెమెడియల్ క్లాసు డిగ్రీలో మొదలవుతుంది. ఒకప్పుడు యూజీసీ కూడా దానికి నిధులిచ్చింది, ఇచ్చింది కాలేజీలకే. మధ్యలో హైస్కూలు, పీయూసీ కలిపి అయిదేళ్లు ఎవరి బాధ్యత? ఎవరిదీ కాదు కాబట్టి మనది అనుకోవడం తప్ప దారి కనిపించదు.

ప్రతి జూన్‌లో మనం సేతుబంధ నడుపుతాం. పోయిన తరగతిలో రానిది ముందు నేర్పి, తర్వాత కొత్త పాఠం మొదలుపెట్టాలని దాని ఉద్దేశం. నిజాయితీగా చెప్పుకుంటే పూర్వపరీక్ష, సాఫల్య పరీక్ష కాగితాలు ఫైలు చేయడమే చాలా చోట్ల జరిగేది, మా బడితో సహా. అసలు వంతెన కావాల్సిన చోటు ఇంకొకటి ఉంది. ఎస్సెస్సెల్సీ పరీక్షలు అయ్యాక పీయూసీ మొదలయ్యేదాకా రెండు నెలలు. ఆ సెలవుల్లో మన పిల్లలు ప్యాకింగ్ పనికి వెళతారు, లేదా ఊరికి వెళతారు. అందులో మూడు వారాలు, రోజుకు రెండు గంటలు, సొంత బడిలో, తెలిసిన టీచర్ల దగ్గర, పీయూసీ పుస్తకం చేతిలో పెట్టుకుని కూర్చుంటే చాలు. మొత్తం పాఠాలు చెప్పనక్కర్లేదు. పుస్తకం ఎలా చదవాలో, క్రియ ఎక్కడ వెతకాలో, తెలుగులో తెలిసిన మాటకు ఇంగ్లీషులో ఏమంటారో తెలిస్తే మొదటి నెల భయం పోతుంది. పీయూసీ మొదటి నెలలోనే చాలామంది మనసులో చదువు మానేస్తారు, శరీరం తర్వాత మానేస్తుంది.

దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం చూస్తే ఇంకో పదేళ్లు పడుతుంది. బెంగళూరులో తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాదికి కవి సమ్మేళనం, సంక్రాంతికి ముగ్గులు, ఆగస్టు 29న గిడుగు పటానికి దండ. ఆ గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి తాను ముందు ఆ భాష నేర్చుకుని, బడి పెట్టిన మనిషి. దండ వేసిన రోజున ఆ సంగతి కూడా గుర్తొస్తే, మూడు వారాల తరగతికి టీచర్ల దారి ఖర్చులు, పిల్లలకు టిఫిను ఇవ్వడం పెద్ద భారం కాదు. ప్యాకింగ్ కూలి వదులుకుని వచ్చే పిల్లాడికి కనీసం ఇడ్లీ పెట్టాలి. ఇది దానం కాదు, హాజరుకు తప్పని ఖర్చు.

దీనికి అభ్యంతరం ఒకటి ఎదురవుతుందని తెలుసు. ఎనిమిదో తరగతి నుంచే ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాస్తే తెలుగు మీడియం ఏం మిగులుతుంది అని మా బడిలోనే పెద్ద మేష్టారు ఒకరు అడిగారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ నా క్లాసులో తెలుగు మీడియం పిల్లలకు ఉన్న ఒకే ఒక ఆస్తి, ఒక భాషలోనైనా ఆలోచించగలగడం. జమ అంటే ఏమిటని అడగగలగడం. ఆ ఆస్తిని పదో తరగతి గేటు దగ్గర వదిలేసి వెళ్లమంటున్నాం ఇప్పుడు. జమ పక్కన క్రెడిట్ అని, కన్నడ లిపిలో జమా అని రాస్తే తెలుగు పోదు. రాయకపోతే తెలుగు మీడియమే పోతుంది. ఎందుకంటే అన్న పీయూసీ తప్పితే తల్లి చెల్లెల్ని కాన్వెంటులో వేస్తుంది. మా వీధిలోనే ఇలాంటి ఇళ్లు మూడున్నాయి.

మా మడకశిర వాడు ఆ తొమ్మిది మందిలో లేడు. జనవరిలో రావడం మానేశాడు. వాళ్ల నాన్నకు చెయ్యి దెబ్బ తగిలి పని ఆగిపోయిందని, వీడు సీఎన్‌సీ షాపులో జనరల్ షిఫ్టుకు కుదిరాడని మిగతా పిల్లలు చెప్పారు. ఏప్రిల్‌లో జాలహళ్లి మెట్రో స్టేషను మెట్ల మీద కనిపించాడు. చేతికి గ్రీజు, భుజాన కాలేజీ బ్యాగే. మిగిలిన రెండు పేపర్లకు ఫీజు కట్టాడట. అకౌంట్స్ ఒకటి, ఇంగ్లీషు ఒకటి. "ఆదివారాలు ఇంటికొస్తే చెప్తారా మిస్?" అన్నాడు. రమ్మన్నాను. రెండు ఆదివారాలు వచ్చాడు, మూడో ఆదివారం ఓవర్‌టైం.

జూన్‌లో బడి తెరిచాం. ఈసారి ఎనిమిదో తరగతికి సమాజ శాస్త్రం మొదటి రెండు వారాలు ప్రశ్నలూ జవాబులూ ఏమీ రాయించలేదు. రోజుకు ఒక పేరా, మౌనంగా చదవడం, పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పడం. మొదటి రోజు ముగ్గురే నోరు విప్పారు. కాలేజీలో చూసిన నిశ్శబ్దమే ఇది, అయిదేళ్లు ముందుగా. రెండో వారం చివరికి పదకొండు మంది. సిలబస్ వెనకబడింది, హెడ్ మేడమ్ డైరీలో ఎర్ర సిరాతో రాశారు. నా పదో తరగతి నోట్సు ఫైలు బీరువా పై అరలో పెట్టాను. పారేయలేదు. మార్చిలో పరీక్షలున్నాయి కదా.